హెడ్‌లైట్ వెలుగు పెంచుకోవడం: అద్దం, వైరు, బల్బు, గురి

రాత్రిపూట రోడ్డు సరిగ్గా ఆనడం లేదంటే ఎవరి దృష్టైనా ముందు బల్బు మీదకే పోతుంది. "తెల్లటి లైటు వేయించేస్తే సరి" అనుకుంటారు. బల్బు మార్చడంలో తప్పేమీ లేదు గానీ వరసలో దాని స్థానం మూడోది. ముందు హెడ్‌లైట్ మీది అద్దం చూడాలి, తరవాత వైరింగ్, ఆ తరవాతే బల్బు, అన్నీ అయ్యాక గురి, అంటే వెలుగు పడే ఎత్తూ దిశా సర్దడం. పాతబడిన కార్లలో మొదటి రెండు పనులు పూర్తయ్యేసరికే చాలామందికి కొత్త బల్బు మీద మోజు తగ్గిపోతుంది.

మొదట ఒక సంగతి తేల్చుకుందాం. తెలుపు వేరు, వెలుగు వేరు. బల్బు పెట్టె మీద ల్యూమెన్లు అని రాసి ఉంటే అది మొత్తం వెలుగు ఎంతో చెప్పే లెక్క. కెల్విన్ అని ఉంటే అది రంగు లెక్క. కొవ్వొత్తి మంట సుమారు 1900 కెల్విన్, మామూలు హాలోజన్ బల్బు 3200 చుట్టూ, కంపెనీ నుంచే జెనాన్ లైట్లతో వచ్చే కార్లలో 4200-4300, మిట్టమధ్యాహ్నపు ఎండ 5500 దాకా. 6000 దాటితే నీలం మొదలవుతుంది. కెల్విన్ అంకె పెరిగినంత మాత్రాన రోడ్డు మీద పడే వెలుగు పెరగదు. హాలోజన్ విషయంలో తగ్గడానికే అవకాశం ఎక్కువ. ఫిలమెంటు నుంచి వచ్చేది పసుపు ఛాయ వెలుగే కాబట్టి, దాన్ని తెల్లగా చూపించాలంటే గాజు మీద నీలం పూత వేసి పసుపు, ఎరుపు భాగాలను కొంత ఆపాలి. అంటే బల్బుకు చలువ కళ్లద్దాలు పెట్టినట్టే. చూడటానికి కారు కొత్తగా ఉంటుంది, అంతవరకే.

మొదటి పని: అద్దం, రిఫ్లెక్టరు

పగటి వెలుతురులో కారు ముందు కూర్చుని హెడ్‌లైట్‌ను పక్కనుంచి చూడండి. ఈ రోజుల్లో అది అద్దం కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద కంపెనీ వేసిన రక్షణ పూత ఎండకు పోయాక అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను పచ్చగా, మసకగా చేస్తాయి. లోపల ఎంత ఖరీదైన బల్బు పెట్టినా ఆ మసకలో చెదిరి, కొంత ఎదుటివాడి కళ్లలోకి, కొంత చెట్ల మీదకి పోతుంది.

మసక బయటి వైపు ఉందా లోపలి వైపు ఉందా అన్నది తడి గుడ్డతో తేలుతుంది. నీళ్లు తగిలినప్పుడు అద్దం ఒక్క క్షణం తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబారితే అది బయటిదే. దాన్ని మీరే తీసేయొచ్చు. చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు అంటించండి. వాటర్ పేపరు నీళ్లలో నానబెట్టి, ముందు 1000 నంబరుతో, తరవాత 2000తో, ఆఖర్న 3000తో రుద్దండి. మరీ గరుకెక్కి ఉంటే 800తో మొదలుపెట్టాలి. రుద్దుతున్నంతసేపూ నీళ్లు పోస్తూనే ఉండాలి. ఒక నంబరుతో అడ్డంగా రుద్దితే తరవాతి దానితో నిలువుగా రుద్దండి, అప్పుడు పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. మొదటి కాగితం అయ్యాక అద్దం ముందుకన్నా ఘోరంగా, పాల గాజులా కనిపిస్తుంది. కంగారు పడొద్దు, అలాగే కనిపించాలి. చివర్లో పాలిష్ పేస్టు పట్టించాక తేటదనం వస్తుంది.

ఇక్కడ చాలామంది ఆపేస్తారు. పాత రక్షణ పూతను మీ చేతులతో మీరే గీకేశారు కాబట్టి, అతినీలలోహిత కిరణాలను ఆపే క్లియర్ కోటు మళ్లీ వేయకపోతే కొన్ని నెలల్లో పచ్చదనం తిరిగొస్తుంది. టూత్‌పేస్టు చిట్కా సంగతీ ఇంతే. అది పనిచేయదని కాదు, సన్నటి పాలిష్ పేస్టు చేసే పనే చేస్తుంది. పూత వేయదు గనక నిలవదు.

తరవాత బల్బు తీసి ఆ కంతలోంచి టార్చి వేసి రిఫ్లెక్టరు, అంటే బల్బు వెలుగును ముందుకు మళ్లించే లోపలి మెరుపు గిన్నె, చూడండి. బల్బుకు పైనున్న భాగం నల్లబడి, పొక్కి, మెరుపు పోయి ఉంటే ఇక బల్బు మార్చి లాభం లేదు, ఆ దీపం మొత్తం మార్చాల్సిందే. మురికిగా ఉంది కదా అని గుడ్డ పెట్టి తుడవకండి. అక్కడున్నది అతి పల్చటి అల్యూమినియం పూత, తుడుపుతోనే గీతలు పడుతుంది.

రెండో పని: బల్బు దాకా కరెంటు చేరుతోందా

హాలోజన్ బల్బు వోల్టేజి విషయంలో మహా సుకుమారం. దాని వెలుగు సుమారుగా వోల్టేజికి 3.4వ ఘాతం చొప్పున మారుతుంది. వోల్టేజి 5 శాతం తగ్గితే వెలుగు 16 శాతం దాకా పడిపోతుంది. 10 శాతం తగ్గితే 30 శాతం పోతుంది, రంగు కూడా పచ్చబడుతుంది. పాత కారులో లైట్లు పచ్చగా ఉన్నాయంటే బల్బు తప్పు అయి ఉండకపోవచ్చు.

పరీక్షకు మల్టీమీటరు ఒక్కటి చాలు. ఇంజను నడుస్తుండగా లో బీమ్, అంటే మనం డిమ్ అనేది, వేసి ఉంచండి. ముందు బ్యాటరీ రెండు కొసల మధ్య కొలవండి, సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది. తరవాత బల్బు కనెక్టరు వెనకనుంచి సన్నటి ప్రోబు దూర్చి, బల్బు వెలుగుతూ ఉండగానే అక్కడ కొలవండి. బల్బు పీకేసి ఖాళీ కనెక్టరులో కొలిస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది, ఎందుకంటే కరెంటు పారనప్పుడు వైరులో నష్టం బయటపడదు. రెండు అంకెల తేడా అర వోల్టు లోపుంటే సర్దుకోవచ్చు. ఒక వోల్టు దాటితే జబ్బు అక్కడే ఉంది.

తేడా ఎక్కువ ఉంటే ముందు ఎర్త్ వైపు చూడండి. బల్బు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య కొలిస్తే 0.2 వోల్టుకు మించకూడదు. మించిందంటే బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగిస్తే చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. కనెక్టరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా ఉంటే అది కాలిన గుర్తు. దాన్ని మార్చండి.

పాత కార్లు కొన్నిటిలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనున్న స్విచ్చు గుండానే పోతుంది. వాటికి రిలే హార్నెస్ మంచి మందు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, హార్నెస్ అంటే దాని వైర్ల కట్ట. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు, 2.5 చదరపు మిల్లీమీటర్లది, రిలే 30వ పిన్నుకు వస్తుంది. 87 నుంచి బల్బులకు పోతుంది. 85, 86 పిన్నులు కాయిల్‌వి, వాటిలో ఒకదానికి పాత స్విచ్చు వైరు, రెండోదానికి ఎర్త్. ఇప్పుడు స్విచ్చు మోయాల్సింది రిలేను లాగే చిన్నపాటి కరెంటే. ఫ్యూజు బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకుని షార్టయినా ముందు ఫ్యూజు పోవాలి, కారు కాదు. అయితే ఈమధ్య వచ్చిన కార్లలో లైట్లను కంప్యూటరు మాడ్యూలు నడిపిస్తుంది, వోల్టేజిని కూడా అదే వేగంగా వేస్తూ ఆపుతూ నియంత్రిస్తుంది. వాటికి ఈ రిలే హార్నెస్ జోలికి పోవద్దు. రిలే టకటకా కొట్టుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు పోయిందని హెచ్చరిక వస్తుంది.

మూడో పని: ఏ బల్బు

మీ కారుకు ఏ రకం పడుతుందో యజమాని పుస్తకంలోనూ పాత బల్బు అడుగు భాగం మీదా రాసి ఉంటుంది. హెచ్4 అయితే ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు, 60/55 వాట్లు. హెచ్7 అయితే ఒక ఫిలమెంటు, 55 వాట్లు, 1500 ల్యూమెన్లు. హెచ్11 కూడా 55 వాట్లే గానీ 1350 ల్యూమెన్లు. లో బీమ్‌కు ఒక రకం, హై బీమ్‌కు వేరే రకం ఉండొచ్చు, రెండూ చూసుకోండి.

ఇప్పుడు పెట్టెల మీది "130 శాతం అదనపు వెలుగు", "150 శాతం" సంగతి. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 37వ నిబంధన ప్రకారం ఆమోదం పొందిన హెచ్7 బల్బు 13.2 వోల్టుల దగ్గర 1500 ల్యూమెన్లే ఇవ్వాలి, అటూ ఇటూ 10 శాతం సడలింపు. దాన్ని మించితే ఆ ఆమోదమే రాదు. మరి 150 శాతం ఎక్కణ్నించి వచ్చింది? మొత్తం వెలుగులోంచి రాలేదు. రోడ్డు మీద ఫలానా బిందువు దగ్గర నిబంధన అడిగే కనీస తీవ్రతతో పోల్చి చెప్పే మాట అది. అలాగని మోసమూ కాదు. ఫిలమెంటును పొట్టిగా, బిగుతుగా చుట్టి, లోపలి గ్యాసు పీడనం పెంచి, మరింత వేడి మీద వెలిగిస్తారు. వెలుగు పుట్టే చోటు చిన్నదైతే రిఫ్లెక్టరు దాన్ని దూరానికి చక్కగా గురిపెట్టగలదు. అందుకే ఇలాంటి బల్బు వేశాక దూరంలో ఉన్న బోర్డు ముందుగా కనిపిస్తుంది. మూల్యం ఆయుష్షు. మామూలు బల్బులో సగం కాలానికో అంతకన్నా ముందో పోతుంది. ఎక్కువ కాలం మన్నుతుందని రాసి ఉన్న బల్బులది సరిగ్గా దీనికి ఎదురు లెక్క. అవి కాస్త మందంగానే వెలుగుతాయి.

నన్నడిగితే, రాత్రి ప్రయాణాలు ఎక్కువ చేసేవారు ఈ అధిక పనితనం రకం, పూత వీలైనంత తక్కువ ఉన్నది కొనుక్కోవాలి. గాజు మధ్యలో తేటగా ఉండి, కొన మీద, పక్కల మీద మాత్రమే నీలం పట్టీ ఉన్నవి ఫరవాలేదు. గాజంతా నిండు నీలంగా ఉన్నవి వద్దు. బల్బు అడుగు భాగం మీద వృత్తంలో ఇంగ్లిషు E అక్షరం, పక్కన అంకె ఉన్న ఆమోద ముద్ర చూడండి. నకిలీలూ ఉంటాయి కాబట్టి ముద్ర ఉన్నా ఎక్కడ కొంటున్నారో చూసుకోవాలి.

100/90 వాట్ల హెచ్4 బల్బులు తేలిగ్గా దొరుకుతాయి, చవక కూడా. నేను మాత్రం వద్దంటాను. 55 వాట్లకు వేసిన వైరులో 90 వాట్లు పారిస్తే ముందు కనెక్టరు కరుగుతుంది, తరవాత రిఫ్లెక్టరు మెరుపు మాడుతుంది. కొన్నాళ్లకు మీ లైటు మామూలు బల్బు వేసినప్పటికన్నా మందంగా తయారవుతుంది.

ఎల్ఈడీ బల్బుల మాట

హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని గాజులోకి చూడండి. లో బీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప కనిపిస్తుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది. దాంతో రిఫ్లెక్టరు పై సగానికి మాత్రమే వెలుగు తగిలి, అది కిందికి, రోడ్డు మీదకి మళ్లుతుంది. గోడ మీద పైన చీకటి, కింద వెలుగు అన్న స్పష్టమైన గీత అలా పుడుతుంది. రిఫ్లెక్టరు ఆకారమంతా నాలుగైదు మిల్లీమీటర్ల ఆ ఫిలమెంటు సరిగ్గా అక్కడే ఉంటుందన్న లెక్కతో గీసింది.

ఎల్ఈడీ బల్బులో ఫిలమెంటు బదులు ఒక పలక, దానికి రెండు వైపులా చిప్పులు. పలక మందంగా ఉన్నా, చిప్పు ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో ఉన్నా, రిఫ్లెక్టరు లెక్క తప్పుతుంది. గీత చెదిరి ఎదుటివాళ్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. నడిపేవారికి మాత్రం అబ్బో ఎంత వెలుగో అనిపిస్తుంది. కారు ముందు పది పదిహేను మీటర్లు తెల్లగా మెరిసిపోతుంది కదా. ఆ మెరుపుకు కంటిపాప ముడుచుకుని, అసలు చూడాల్సిన దూరం ఇంకా చీకటిగా మారుతుంది. దగ్గర వెలుగు చూసి ఎప్పుడూ లైటును మెచ్చుకోకండి.

చట్టం సంగతి కూడా ఉంది. చాలా దేశాల్లో ఆమోదం దీపానికీ దానికి నిర్ణయించిన బల్బు రకానికీ కలిపే ఉంటుంది. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్ఈడీ బల్బులకు, అదీ జాబితాలో ఉన్న కార్లకు మాత్రమే, అనుమతి వచ్చింది. మీ దేశపు నిబంధన, మీ కారు మోడలు చూసుకోకుండా కొనకండి. అనుమతి ఉంటే పలుచటి పలక ఉన్నది ఎంచుకుని, చిప్పులు ఎడమకూ కుడికీ చూసేలా, అంటే గడియారంలో 3, 9 వైపులకు, తిప్పి బిగించాలి. వెనక ఫ్యానుకో వేడి పోగొట్టే రెక్కలకో చోటుండి మూత పడుతుందా అన్నది కూడా ముందే కొలుచుకోండి.

హాలోజన్ దీపంలో జెనాన్ కిట్ పెట్టడం గురించి ఒక్క ముక్క. మామూలు జెనాన్ బల్బు 3200 ల్యూమెన్లు ఇస్తుంది, హెచ్7కు రెట్టింపు పైనే. 2000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కు అద్దం కడిగే ఏర్పాటూ, దానంతటదే ఎత్తు సర్దుకునే ఏర్పాటూ ఐరోపా నిబంధనలు ఊరికే అడగలేదు. వద్దు.

బిగించడం

ఇంజను ఆపి, లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, లోపలి గ్యాసు పీడనంతో ఉంటుంది కాబట్టి గాజు పగిలితే చిమ్ముతుంది. వెనక మూత లేదా రబ్బరు బూటు తీసి, కనెక్టరును వైరు పట్టుకుని కాకుండా దాని ఒంటిని పట్టుకుని లాగండి. మొండికేస్తే అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ లాగాలి. హెచ్4లోనూ, చాలా హెచ్7లలోనూ సన్నటి తీగ క్లిప్పు ఉంటుంది. దాన్ని లోపలికి నొక్కి పక్కకు జరిపితే కొక్కెం నుంచి ఊడుతుంది. అది ఎలా కూర్చుందో విప్పేముందే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. చెయ్యి పట్టని సందులో, కళ్లకు కనబడని క్లిప్పును మళ్లీ పెట్టేటప్పుడు ఆ ఫొటో ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది. హెచ్11 అయితే పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది.

కొత్త బల్బు గాజును వేళ్లతో తాకకూడదు. చర్మపు నూనె అంటిన చోట గాజు మరీ వేడెక్కి బల్బు ముందే పోతుంది. తాకితే ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. హెచ్4 అడుగు భాగంలో మూడు చెవులుంటాయి, పైది మిగతా రెంటికన్నా వెడల్పు. మూడూ గాడిలో కూర్చున్నప్పుడు బల్బు అసలు కదలదు. వేలితో వెనక నొక్కి చూడండి, కొద్దిగా ఊగినా సరిగ్గా పడనట్టే. రబ్బరు బూటు చుట్టూ అంచు బిగుతుగా అతుక్కోవాలి, లేకపోతే ఆ సందులోంచి తేమ లోపలికి పోతుంది.

ఒకటి పోయినా రెండూ మార్చండి. రెండోదీ అన్ని గంటలే వెలిగింది, పైగా రెండు రంగుల లైట్లతో తిరగడం బాగుండదు.

గురి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. దీపం మీద అతికించిన కాగితం మీద 1.0 శాతం లాంటి అంకె ఉంటుంది. అంటే వెలుగు గీత ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు కిందికి వాలాలి. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న దీపం 1 శాతం వాలితే గీత 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. అదే 2 శాతం వాలితే 32 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. ఒక్క శాతం తేడాలో సెకనుకు పైగా చూపు పోయిందన్నమాట. ఏ బల్బూ దాన్ని తిరిగి తెచ్చివ్వదు.

టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకులో మామూలుగా ఉండేంత ఇంధనంతో, డ్రైవరు సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టి, లోపల ఎత్తు సర్దే చక్రం ఉంటే సున్నా మీద పెట్టండి. చదునైన నేల మీద, గోడకు సరిగ్గా ఎదురుగా, దీపాల నుంచి గోడకు 10 మీటర్లు ఉండేలా నిలపండి. అద్దం మీద బల్బు కేంద్రాన్ని సూచించే చిన్న చుక్క చాలా దీపాల్లో ఉంటుంది. దాని ఎత్తు నేల నుంచి కొలిచి గోడ మీద టేపు అంటించండి, దానికి 10 సెంటీమీటర్లు కింద రెండో టేపు. లో బీమ్ వేసి, ఒక దీపం ముందు అట్ట ముక్క నిలబెట్టి రెండోదాన్ని చూడండి. అద్దానికి ఆనించి గుడ్డ కప్పకండి, ప్లాస్టిక్ వేడెక్కుతుంది. గీత సమంగా ఉన్న భాగం కింది టేపు మీద పడాలి. గీత పైకి లేచే మలుపు దీపానికి ఎదురుగా ఉండి, రోడ్డు అంచు వైపుకే లేవాలి. ఎదుటి వాహనం వచ్చే వైపు లేస్తోందంటే బల్బు వంకరగా కూర్చుందేమో, దీపం మీ దేశపు రోడ్డు పద్ధతిది కాదేమో చూడాలి. సర్దే స్క్రూలు రెండు, ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కలకు. పావు చుట్టు చొప్పున తిప్పుతూ గోడ వంక చూడండి.

ఆ రాత్రి ఒకసారి నడిపి చూడండి. లో బీమ్‌లో ఉన్నా ఎదుటివాళ్లు డిప్పర్ కొడుతున్నారంటే మళ్లీ గోడ దగ్గరకు రావాలి. వారం తరవాత, వాన పడ్డాకో కారు కడిగాకో, అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూడండి. పల్చగా పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే మామూలే. బొట్లుగా నిలిస్తే రబ్బరు బూటు మళ్లీ విప్పి కూర్చోబెట్టండి. పాత బల్బులు ఇంకా వెలుగుతుంటే వాటిని కొత్త వాటి ఖాళీ పెట్టెలో, గాజు దేనికీ తగలకుండా పెట్టి, డిక్కీలో ఉంచుకోండి.